రెండు చేతుల తీగ

నలభై ఏళ్ళుగా కొలుస్తున్నాను
చిలోయె దీవుల్లో, ఈ అచావో ఊరి
భుజాలనీ నడుములనీ.
గాలిలో పోయే మాటకి కొలతలు తియ్యమని
ఇంతవరకూ ఎవరూ రాలేదు.

యాస్నాకి పంతొమ్మిదేళ్ళు.
వాన కోటు విప్పకుండానే
నా కుట్టు బల్ల మీద తీగ చుట్ట పడేసింది.
"ఎదెల్మిరా అత్తా, ఒక్కో చెయ్యీ పది మీటర్లు" అంది.
చెయ్యి అన్న మాట వినగానే సగం భయం పోయింది.
చొక్కా అయినా ఇంతే కదా,
మధ్యలో మెడ, అటొక చెయ్యి, ఇటొక చెయ్యి.

మెడకి, కూరలు తరిగే పాత ప్లాస్టిక్ పలక.
అరచేతంత ముక్క కోసి మూడు బెజ్జాలు పెట్టాం.
కేబుల్ తోలు ఒలిస్తే లోపల
ఒక నిటారు తీగ, దాని చుట్టూ జడలాంటి అల్లిక.
నిటారుది ఎడమ చేతికి, అల్లిక కుడి చేతికి,
ఒకదాన్నొకటి తాకకూడదు.
నేను టంకం పెట్టిన చోట ముద్ద కట్టింది.
మొదటి రోజుల్లో నా కాజాలూ అలాగే ఉండేవి.
కేబుల్‌ని పలకకి దారంతో బిగించాను:
బరువు దారం మొయ్యాలి, టంకం కాదు.
ఇది ఆమె నేర్పలేదు.
సంచికి పిడి కుట్టిన వాళ్ళందరికీ తెలుసు.

చివర్లకి గుండీలు,
ఉన్ని కోటు కుట్టగా మిగిలిన పెద్దవి, నాలుగు కన్నాలవి.
ఒక కన్నంలో తీగ, ఎదురు కన్నంలో నైలాన్ తాడు.

పదంటే పది దగ్గరే కత్తెర పెట్టబోయింది పిల్ల.
చెయ్యి పట్టుకున్నాను.
"మడతకి వదలవా?"
జానెడున్నర వదిలి కత్తిరించాను.
పొడుగైతే దిద్దుకుంటాం, పొట్టిదైతే ఏడుస్తాం.
"పుస్తకంలోనూ అదే ఉంది, నేనే మర్చిపోయాను"
అని గొణిగింది.

భూమి ఊగిన ఆ రాత్రి
ఫోను నా చేతిలో నల్ల అద్దం ముక్క.
ఫైర్ స్టేషన్ ముందు వరసలో నిలబడ్డాను,
రేడియో మనిషికి ఒక్క కబురివ్వడానికి, మా చెల్లెలికి.
ముందు పన్నెండు మాటలు అనుకున్నాను.
వెనక వరస చూసి నాలుగుకి కుదించాను.
బతికే ఉన్నాను. ఇల్లు నిలిచింది.
అవి ఏ తీగ మీంచి వెళ్ళాయో
అప్పుడు తలెత్తి చూడలేదు.

ఆదివారం వాన తెరిపిచ్చింది.
చర్చి వెనక గుట్ట మీద
వాళ్ళ నాన్న గాలం కర్ర నిలబెట్టి
కొసకి మెడ ఎక్కించాం.
చేతులు రెండు వైపులా ఏటవాలుగా దిగాయి కంచె గుంజల దాకా.
గొర్రెలు మేత ఆపి చూశాయి.

మీటరు ముల్లు మూడు దగ్గర ఆగింది.
దించు. అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు కత్తిరించు. ఎత్తు.
రెండున్నర.
దించు. సమానంగా! ఒక చెయ్యి పొట్టైన చొక్కా
ఎవరు తొడుక్కుంటారు?
ఎన్నిసార్లు ఎత్తామో, నా మోకాళ్ళకి తెలుసు.
ఒకటీ పావు.
"చాలు, ఇంక ముట్టుకోకు."
కత్తెర వేళ్ళు దురద పెట్టాయి. ముట్టుకోలేదు.

పిలుపు గుర్తు ఆమెది, లైసెన్సు ఆమెది,
పక్కనే కూర్చుంది. గొంతు మాత్రం నాది.
ముందు ఇసకలో శనగలు వేయించిన చప్పుడు.
అందులోంచి ఒక మనిషి: మెలింకా నుంచి బాల్దోవినో,
పడవ ఇంజన్లు బాగు చేస్తాడట,
అక్కడింకా వానేనట.
"మీ యాంటెన్నా ఏమిటి? ఓవర్."

మీట నొక్కాను.
గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని
ఊరందరితో కబుర్లాడిన నోరు, ఎండిపోయింది.
"రెండు చేతుల తీగ, ఒక గాలం కర్ర,
కూరలు తరిగే పలక, రెండు కోటు గుండీలు. ఓవర్."

ఇసక. ఇసక.
తర్వాత నవ్వు, అంత సముద్రం దాటీ నలగని నవ్వు:
"నా కోటుకి సరిగ్గా రెండే తక్కువ. ఓవర్."

యాస్నా తీగని చెక్క మీద ఎనిమిది అంకెలా చుట్టింది.
అంతా కలిపి బిస్కెట్ల డబ్బాలో పట్టింది.
గుట్ట దిగుతుంటే సగం దారిలో గుర్తొచ్చింది,
గుండీ సైజు అడగలేదని.